పైకి వెళ్ళని రెండో పేజీ

ఆ పిల్ల ప్రేయర్ మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది. మూడో తరగతి, నా క్లాసే. ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళి మొహం మీద నీళ్ళు చల్లాను. తేరుకున్నాక, "పొద్దున్న ఏం తిన్నావే?" అని అడిగాను.

చెయ్యి చూపించింది. వేళ్ళకి నారింజ రంగు మసాలా పొడి ఇంకా అంటుకునే ఉంది. గేటు పక్క కొట్లో కొన్న చిప్స్ ప్యాకెట్. వాళ్ళమ్మ చీకటి ఉండగానే చేపల రేవుకి వెళ్ళిపోతుంది. పొయ్యి వెలిగించే తీరిక ఆవిడకు లేదు. పిల్ల చేతిలో చిల్లర పెట్టి పోతుంది.

అంతకు ముందే ఆరోగ్య శిబిరానికి వచ్చిన నర్సు మా పిల్లల్లో చాలామందికి రక్తం తక్కువని చెప్పింది. విని తలూపి ఊరుకున్నాను. ఈ పిల్ల పడ్డాక మాత్రం ఊరుకోలేకపోయాను.

మాది గోదావరి జిల్లా. మా ఆయనకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో విశాఖ వచ్చి గాజువాకలో అద్దెకు దిగాం. నాకు పోస్టింగు విశాఖలోనే పాతపట్నం వైపు, హార్బరుకి దగ్గరగా ఉన్న ప్రాథమిక పాఠశాలలో పడింది. అక్కడ గాలి రేవులోని బొగ్గు కుప్పల మీంచి వీస్తే బెంచీల మీద నల్లటి పొడి పేరుకుంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ వేలితో పేరు రాసుకోవచ్చు.

మా హెడ్‌మిస్ట్రెస్ నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. బడిలో 'మేడం' అనేదాన్ని, బయట 'అక్కా' అనేదాన్ని. నా రెండో కాన్పుకి మా అమ్మ రాలేకపోతే, ఆసుపత్రికి రోజూ పథ్యం వండి తెచ్చింది ఆవిడే. పసివాడికి మొదటిసారి నీళ్ళు పోసిందీ ఆవిడే. ఆవిడ ఒక మాట చెబితే వెనక ఇంకేదైనా ఉందా అని ఆలోచించే అలవాటు నాకు లేదు.

బడి వెనక మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉండేది. పిల్లలూ మేమూ అందరం ఆవిడను అప్ప అని పిలిచేవాళ్ళం. భర్త హార్బరులో కూలి చేసి, ఎప్పుడో పోయాడు. వంటగదికి మూడు గోడలే. పైన రేకు తుఫానుకి సగం ఎగిరిపోయింది. బియ్యం మూడు నీళ్ళు కడిగి, గుండిగల మీద తడిగుడ్డ కప్పి, గాలి ఎటు వీస్తే అటు తను అడ్డంగా నిలబడి వండేది.

ఆ రోజు మధ్యాహ్నం నేను అప్ప దగ్గరికి వెళ్ళి, పిల్లలు అన్నం ఎందుకు పారేస్తున్నారని అడిగాను.

"ఎందుకు పారేయరమ్మా?" అంది. "గుడ్డు ఉడకేసి సేతికిత్తే బంతాట ఆడతన్నారు. పప్పు నీళ్ళలాగుంటే ఏటి తింటారు? మెనూ అలగుంది, నాను అలగే వొండతన్నాను."

"మనం మారుద్దామా?"

"నువ్వు పెద్ద మేడంతోటి మాటాడు. వొండడం నాకొదిలీ."

మేడం వెంటనే ఒప్పుకుంది. మెనూ దాటకుండా ఎంత మార్చగలిగితే అంత మార్చాం. బడి గోడ పక్కన మునగ చెట్టుంది. ఆకు నేరుగా వేస్తే పిల్లలు ఏరేస్తున్నారని, అప్ప దాన్ని నూనె లేకుండా వేయించి, నువ్వులతో కలిపి దంచి పప్పులో వేసేది. కమ్మటి వాసనకి పిల్లలు మారు వేయించుకునేవాళ్ళు. గుడ్డుకి గాట్లు పెట్టి టమాటా పులుసులో వేసింది. బంతాట ఆగిపోయింది. పామాయిలు సగానికి సగం తగ్గించింది.

గేటు పక్క కొట్టాయనతో మాట్లాడడానికి నేను భయపడ్డాను. ఆయన పాతపట్నం ముస్లిం పెద్దాయన, అందరికీ భాయ్. చిప్స్ ప్యాకెట్ల దండలు కొట్టు నిండా వేలాడదీసేవాడు. అవి తీసేయమంటే నన్ను తిడతాడనుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "మా మనవరాలు కూడా ఇక్కడే చదువుతుంది కదా టీచరమ్మా. దానికి ఇంట్లో ఇవి పెట్టనివ్వను. బయట పిల్లలకి మాత్రం అమ్ముతున్నాను. సిగ్గేస్తోంది నిజానికి," అన్నాడు. బడి గంట కొట్టే వేళకి ప్యాకెట్లు లోపల పెట్టేసి, ఉడకబెట్టిన శనగలూ జామకాయలూ ముందుకు తెచ్చాడు. ఆనందపురం నుంచి చిలకడ దుంపలు వస్తే అవి కూడా ఉడికించి పెట్టేవాడు.

ఏడాది గడిచేసరికి ప్రేయర్లో పడిపోయిన పిల్ల పరుగు పందెంలో గెలవలేదు గానీ పరిగెత్తింది. నాకు అది చాలు. పక్క బళ్ళ టీచర్లు వచ్చి చూసి వెళ్ళారు. మేడం వాళ్ళందరికీ అప్ప చేత వడ్డింపించి మురిసిపోయేది.

వేసవి సెలవులకు ముందు ఒకరోజు మేడం నన్ను గదిలోకి పిలిచింది.

"వంటగదికి కప్పు శాంక్షన్ చేయిద్దామమ్మా. నువ్వో రిపోర్టు రాసియ్యి. లోపాలేవీ దాచకు. మెత్తగా రాస్తే పైవాళ్ళు కదలరు. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టు, పద్ధతిగా ఉంటుంది."

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాశాను. ముందు రోజే అప్పనడిగి అన్నీ తెలుసుకున్నాను. ఆవిడ పొయ్యి దగ్గరే కూర్చుని ఒక్కొక్కటీ చెప్పింది. "గాలొత్తే నల్లపొడి పడతాది, అది రాయి. పొగకి కళ్ళు మండతన్నాయి, అదీ రాయి. నీళ్ళ డ్రమ్ముకి మూత పోనాది. నీకు తెలీనివేటి, అన్నీ రాసీమ్మా. కొత్త వంటగది వత్తాదంటే నాకేటి సిగ్గు?"

మొదటి పేజీ నిండా అవే రాశాను. రెండో పేజీలో, ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా ఆవిడ ఏం చేసిందో రాశాను. మునగాకు సంగతి, పారేసే అన్నం తగ్గిన సంగతి, కప్పు వేసి గ్యాసు ఇప్పిస్తే ఈ వంటగది మిగతా బళ్ళకి దారి చూపిస్తుందన్న మాట. చివర, ఈ వంటమనిషినే కొనసాగించాలని అడిగాను. రెండు పేజీల కిందా సంతకం పెట్టి మేడం చేతికిచ్చాను. ఆవిడ చదివి, "ఎంత బాగా రాశావమ్మా," అని నా భుజం తట్టింది.

జూన్లో బడి తెరిచిన రోజు గేటు ముందు వ్యాను ఆగి ఉంది. ఎక్కడో పెద్ద వంటశాలలో వండిన అన్నం, సాంబారు స్టీలు డబ్బాల్లో దించుతున్నారు. వంటగది తలుపుకి తాళం. ఆ తాళం ముందు అప్ప నిలబడి ఉంది. కొంగు నిండా అప్పుడే కోసిన మునగాకు.

"ఏటమ్మా ఇది?" అంది నన్ను చూసి.

నాకు నిజంగా తెలియదు. మేడం దగ్గరికి పరిగెత్తాను. "పైనుంచి ఆర్డరమ్మా, మన చేతుల్లో ఏముంది?" అంది. ఆవిడ కూడా నాలాగే బాధపడుతోందనుకున్నాను. ఆ సాయంత్రం అప్ప ఇంటికెళ్ళి, మేడం మనవైపే ఉంది, అర్జీ పెడదాం అని చెప్పి వచ్చాను కూడా.

పది రోజుల తర్వాత అప్ప నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. చేతిలో ఒక జిరాక్సు కాగితం ఉంది. వంటవాళ్ళ యూనియను వాళ్ళు మండల ఆఫీసుకెళ్ళి, వంటగది ఎందుకు మూశారని అడిగి తెచ్చారట.

"మా అల్లుడు సదివినాడు. నీ రాతేనంట గదమ్మా. నాను నమ్మలేదు. నువ్వే సూసి సెప్పు."

నా చేతిరాతే. కింద నా సంతకం. వంటగదికి సరైన కప్పు లేదు, తినే పదార్థాల మీద నల్లపొడి పడుతోంది, నీళ్ళ డ్రమ్ముకి మూత లేదు. కాగితం తిప్పి చూశాను. వెనక ఖాళీ. రెండో పేజీ లేదు.

"ఇంకో పేజీ ఉంది అప్పా. అందులో..." అన్నాను.

"నాను సెప్పినవే రాసినావు. అబద్దమేటీ లేదు," అంది అప్ప. "నమ్మి సెప్పినాను గదా, అదొక్కటే..." ఆ మాట పూర్తి చేయకుండా కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని వెళ్ళిపోయింది. క్లాసులో పిల్లలు అంతా వింటున్నారు.

నేను నేరుగా మేడం గదికి వెళ్ళాను. తలుపు కూడా వేయలేదు.

"రెండో పేజీ ఏదక్కా?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"నాకింకా రెండేళ్ళే సర్వీసుంది. రోజూ ఆ గుండిగ తెరిచేటప్పుడు నా గుండె ఎలగ కొట్టుకుంటాదో నీకు తెలుసా? ఒక్క పిల్లకి వాంతులైతే నేనే గదా పేపర్లో పడేది? వ్యాను బడికొస్తే ఆ బాధ్యత నాది కాదు. వేసవి సెలవులకు ముందే వ్యానుకి ఒప్పుకున్నాను."

"అంటే నాతో రాయించినప్పుడే..."

"నేను రాస్తే ఎవరికి నమ్మకం? నువ్వు అప్పతో కలిసి పనిచేశావు. నువ్వు రాస్తేనే విలువ." మళ్ళీ మెల్లగా అంది. "నీ పేరుకేం కాలేదు. పైన మంచి టీచరనే అంటన్నారు."

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నాకు అన్నం ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి ఆ బల్ల మీదే ఉంది. ఆ చెయ్యే నా కాగితాన్ని రెండుగా విడదీసింది. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు, ఇన్నాళ్ళూ ఈ మనిషి నాకు తెలుసనుకున్నందుకు.

మొత్తం రిపోర్టు మళ్ళీ రాసి నేనే స్వయంగా మండల ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేసిచ్చారు. అంతే. యూనియను వాళ్ళతో కలిసి రెండుసార్లు వెళ్ళాను. నన్ను చూసి వాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. వాళ్ళది తప్పనలేను.

వ్యాను అన్నం చెడ్డదని నేను అనను. శుభ్రంగానే ఉంటుంది. కానీ మా బడికి వచ్చేసరికి చల్లారి గడ్డకడుతుంది. ఎవరికి ఏది సయించదో ఆ డబ్బాకి తెలియదు. పిల్లలు మళ్ళీ సగం పారేయడం మొదలుపెట్టారు. ఆకలేసి గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. భాయ్ కొన్నాళ్ళు శనగలతో నెట్టుకొచ్చాడు. ఎదురుగా ఇంకో కొట్టు వచ్చి ప్యాకెట్లు కట్టగానే ఆయనా తన దండలు బయటికి తీశాడు. "ఏం చేయమంటారు టీచరమ్మా," అని నా మొహం చూడకుండా అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

మేడం రిటైరయ్యేదాకా అదే బడిలో కలిసి పనిచేశాం. రిజిస్టర్లు, పరీక్షలు, జెండా వందనాలు. అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. మళ్ళీ ఎప్పుడూ అక్కా అని పిలవలేదు. ఆవిడా ఎందుకని అడగలేదు. మా వాడి పుట్టినరోజుకి మాత్రం ఏటా ఫోన్ చేస్తుంది. తీసి, వాడికిచ్చేస్తాను.

అప్ప ఇప్పుడు ఇంట్లోనే వండి హార్బరు కూలీలకు క్యారియర్లు పంపుతోంది. రెండేళ్ళ తర్వాత వాళ్ళ కూతురి కూతురు మా బడిలో ఒకటో తరగతిలో చేరింది. అప్పే రోజూ దింపడానికి వస్తుంది, గేటు బయటి దాకా. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"తల్లుల మీటింగు పెడుతున్నాం అప్పా. పిల్లలకి పొద్దున ఏం పెట్టాలో నువ్వొచ్చి రెండు మాటలు చెబితే బాగుంటుంది. నేను చెబితే వినరు."

"ఎవులైనా అడిగితే ఇంటి కాడ సెప్తానమ్మా," అంది. "లోనకి రాను."

మనవరాలి జడ సరిచేసి, సంచి భుజానికి తగిలించి, లోపలికి పంపింది. నేను కూడా పిల్లతో పాటు లోపలికి నడిచాను. ఆవిడను ఇంకోసారి అడిగే అర్హత నాకుందో లేదో ఇప్పటికీ తెలియదు.