మొహం చూడని అల్లుడు

పిహెవ్ తన అల్లుడి మొహం సరిగ్గా చూసి ఎరగదు. చూడకూడదు మరి! కెనడా అడవుల్లో ఉండే క్రీ జనంలో అత్తా అల్లుడూ ఎదురుపడరు, పలకరించుకోరు. ఎంత దూరముంటే అంత గౌరవం.

అల్లుడంటే ఊళ్ళోవాడు కాదు. సముద్రం ఒడ్డు కోట నుంచి వచ్చిన తెల్లవాడు, ఆంబ్రోస్. లోపలి మైదానాలకు వెళ్ళి, అక్కడివాళ్ళను తోళ్ళ బేరానికి రప్పించాలని అతని యావ. ఆ దారి తెలిసినవాడు పిహెవ్ తమ్ముడు మఖేసిస్.

"పరాయివాణ్ణి వెంటేసుకెళ్ళను. ఇంటి అల్లుడివైతే చూద్దాం," అన్నాడు మఖేసిస్.

నెల తిరక్కుండా ఆంబ్రోస్ పిహెవ్ కూతురు సీపీసిస్‌ని చేసుకున్నాడు.

ఎంత మర్యాద నటించాడనుకున్నారు! అత్త గుడారంలోకి వస్తే గిరుక్కున అటు తిరిగేవాడు. ఆకలేసినా, "ఇంకాస్త మాంసముందేమో మీ అమ్మనడుగు," అని పెళ్ళాం చేతే అడిగించేవాడు.

"చూశావా అక్కా, మనవాళ్ళలోనే ఇంత బుద్ధిమంతుడు లేడు!"

"దిష్టి పెట్టకురా," అనేది పిహెవ్, లోలోపల పొంగిపోతూ.

అందరూ కలిసి మైదానాలకు బయల్దేరితే, దారి పొడుగునా ఏడాదంతా అతనికి ఎండుమాంసం దంచింది, జోళ్ళు కుట్టింది. అడవిదున్నలు తిరిగే ఆ మైదానాల్లో గుర్రాల మీద అక్కడివాళ్ళు చుట్టుముడితే, "మా అల్లుడు," అని మఖేసిస్ పూచీ పడబట్టే అతని ప్రాణం దక్కింది.

మంచు కరిగాక పడవల్లో కోటకి తిరిగొచ్చారు. కోటలో కాపురం పెడదామని దారంతా చెప్పింది ఆంబ్రోసే. ఆరోనెల కడుపుతో సీపీసిస్ మూట నెత్తికెత్తుకుని పడవ దగ్గర నిలబడింది, మొగుడు పిలుస్తాడని.

లోపలికి వెళ్ళినవాడు కొత్త కోటు తొడుక్కుని బయటికొచ్చాడు. పెళ్ళాం వైపు పోకుండా, తిన్నగా పిహెవ్ ముందుకొచ్చి కళ్ళలోకి చూశాడు.

"చాలా సాయం చేశావమ్మా. ఇక మీరంతా వెళ్ళిరండి."

పిహెవ్ గభాలున దుప్పటి మొహమ్మీదికి లాక్కుంది. చుట్టూ ఉన్న క్రీవాళ్ళు పకపకా నవ్వారు.

"పాపం, కోటు తొడగ్గానే మర్యాద మరిచిపోయాడు!"

మరవడమా? ఏడాదిలో ఒక్కపూట మరవనివాడు! ఇక తను అత్త కాదు గనకే మాట్లాడాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. నమ్మించి గొంతు కోశాడు. పిహెవ్ ఒళ్ళు మండిపోయింది. దుప్పటి తీసేసి తలెత్తింది.

"నాకెందుకురా చెప్తావు? దాని మొహం చూసి చెప్పు!"

అతను అటు చూడలేదు. కోటలోకి వెళ్ళిపోయాడు, తలుపు పడింది.

"ఏమన్నాడమ్మా?" పడవ దగ్గర్నుంచి అరిచింది సీపీసిస్.

ఇన్నాళ్ళూ అతని మాటలు తల్లికి చేరవేసింది కూతురు. ఈ ఒక్క మాట మాత్రం కూతురికి చేరవేయాల్సింది తల్లి. పిహెవ్ పడవ వైపు నడిచింది. దగ్గరికెళ్ళి కూతురి నెత్తిమీది మూట తనే దించింది.