సబ్బు నానేదాకా

“సెయ్యి నొప్పెడతందా అమ్మా?”

“లేదు బాబాయ్. నువ్వు పడుకో.”

సన్యాసయ్య బాబాయికి గడ్డం గీసి, సబ్బు కప్పు కడుగుతూ ఆయనతో చివరిసారి మాట్లాడింది అంతే. ఇవాళ పొద్దున చోడవరం బస్టాండు దగ్గర సెలూన్ ముందు నుంచి వస్తుంటే గడ్డం సబ్బు వాసన తగిలి ఆగిపోయాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సునీత రాస్తోంది.

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. మాసిన గడ్డంతో మాత్రం గడప దాటనన్నాడు. మా వీధిలో సెలూన్ నడిపిన బాబాయి శనివారం శనివారం ఇంటికొచ్చి గీసేవాడు. అలా రెండేళ్ళు గడిచాక బాబాయి చేతులు వణకడం మొదలైంది. ఇక నువ్వే గియ్యాలన్నాడు నాతో.

నేను ట్యూబులో క్రీము కొన్నాను. కాస్త పిండితే చిటికెలో నురగ వచ్చింది. గబగబా గీసేశాను. కుడి దవడ తెగింది. ఆ పక్క స్పర్శ లేదు, ఆయనకు తెలియలేదు. చొక్కా మీద రక్తం చూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ ఆదివారం చర్చికి రానన్నాడు. ఇక నన్ను ముట్టుకోనివ్వడని, ఆ గోడకేసి చూస్తూనే పోతాడని భయమేసింది.

బాబాయి వచ్చి గాయం చూశాడు.

“ఏటమ్మా, బస్సెళ్ళిపోతందా?”

“క్రీము మంచిది కాదా బాబాయ్?”

“మంచిదే. ఎవుడి గడ్డం ఆడు గీసుకోడానికైతే దాంతో బేగి అయిపోద్ది. తెగితే ఆడి మొహవే ఆడికి సెప్తాది. ఈ పక్క సెప్పదు కదా. సబ్బెట్టు. అది బేగి నురగెట్టదు. బ్రష్షు తిప్పతా ఉంటే గడ్డం నానతాది, ఎముక ఎక్కడుందో నీ సెయ్యి నేర్సుకుంటాది.”

మా ఆయన గోడవైపు నుంచే ముద్ద మాటతో బాబాయితో అన్నాడు.

“ముందు నీ మొహం మీద నేర్పుకో.”

బాబాయి నిజంగానే వసారాలో పీట వేసుకుని గడ్డం ఎత్తాడు. ఆడది పరాయి మగాడికి గడ్డం గీస్తోందని వీధిలో నవ్వారు.

“నవ్వనీయమ్మా. ఆళ్ళూ మంచం పడతారు, అప్పుడు నిన్నే పిలుస్తారు.”

సబ్బు నానబెట్టాను, బ్రష్షు తిప్పాను, చెయ్యి లాగినా ఆపలేదు. ఒక్క గాటు పడలేదు. లోపల మంచం మీంచి చూసి చూసి మా ఆయన మొహం ఇటు తిప్పాడు. ఆయనకూ అలాగే గీశాను. మర్నాడు ఆటోలో చర్చికి తీసుకెళ్ళాను. పాట ఎత్తుకోలేకపోయాడు గాని, అందరితోపాటు సగం నోటితో పాడాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మంచం పట్టిన మగవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు పిలుస్తారు, బుచ్చయ్యపేట నుంచి కూడా. మొన్న ఒక కోడలు తొందరగా అవుతుందని క్రీము ట్యూబు తెచ్చిచ్చింది. పక్కన పెట్టాను. మోకాళ్ళు అరిగిపోయాయి, చెయ్యి మునుపటిలా లేవడం లేదు, అయినా కప్పులో సబ్బు నానేదాకా కూర్చుంటాను. మనిషిని ముట్టుకునే ముందు ఆ కాస్త ఆగడం, బాబాయిది నా దగ్గర మిగిలింది అదే.

చాలు సునీతా, అలసిపోయాను. నా మాటలు నువ్వెలా దిద్దినా పర్వాలేదు, బాబాయి మాటలు బడి తెలుగులోకి మార్చలేదు కదా? ఏదీ, మొదటినుంచి చదువు, వింటాను.