మొదటి సాక్ష్యంలో దాచిన తామర

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ మందిరంలో నేను సాక్ష్యం చెప్పడం ఇది రెండోసారి. మొదటిసారి చెప్పింది సగమే నిజం, దాన్ని దిద్దుకోవడానికే ఈరోజు నిలబడ్డాను.

మనది భద్రాచలం అడవి అంచు ఊరు, అందరం మిరప కోతలకు వెళ్లేవాళ్లమే. చీర మీద చొక్కా వేసుకుని పొద్దంతా ఎండలో వంగి కోస్తుంటే లంగా బొందు కట్టుకునే చోట చెమట ఆరదు, అక్కడే నాకు తామర లేచింది, మొదట రూపాయి బిళ్లంత, తర్వాత నడుము చుట్టూ. మిరప ఘాటు అంటిన చేత్తో గోకితే ఆ మంట ఏమని చెప్పను! సంఘమంతా నా కోసం ప్రార్థించారు. అదే వారం నేను మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకుని పూశాను, నాలుగు రోజుల్లో దురద పోయింది. ఆదివారం ఇక్కడే నిలబడి ప్రభువు నన్ను ముట్టి బాగుచేశాడని చెప్పాను, మీరంతా స్తోత్రం అన్నారు, ట్యూబు మాట మాత్రం చెప్పలేదు. చెబితే దేవుని మహిమ తగ్గుతుందనుకున్నాను. నిజానికి నేను కాపాడుకున్నది నా పేరునే.

నెల తిరగకుండానే తామర మళ్లీ లేచింది, ఈసారి తొడల దాకా. బాగైందని చెప్పినదాన్ని, ఇక ఎవరికి చూపించను? చాటుగా ట్యూబు మీద ట్యూబు పూశాను, పూస్తే అణిగేది, ఆపితే రెట్టింపయ్యేది, చర్మం ఉల్లిపొరలా పల్చబడింది.

అప్పుడు నా మనవరాలికి ఎనిమిది నెలలు. పగలంతా నా నడుము మీదే ఉండేది. ఒకరోజు దానికి స్నానం చేయిస్తూ నా కోడలు కేకేసింది.

"అత్తమ్మా, పాప తొడ మీద గుండ్రంగ ఏందిది? నీకు పోయిందని మందిరంల చెప్తివి గదా!"

లోపలికి వెళ్లి మోకరించాను. "ప్రభువా, నా మాట నిలబెట్టుకుందామని పసిదానికి అంటించిన. నా పరువు పోతే పోనీ, దాన్ని బాగుచెయ్యి" అని ఏడ్చి, లేచి వచ్చి కోడలికి నడుము చూపించాను. ఆమె వెంటనే సంచి సర్దింది. మర్నాడు ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం.

చర్మ డాక్టరమ్మ నా నడుము చూసి, "అబ్బో, పెద్ద పటమే గీసినవ్ గదమ్మా! ఎవరు రాసిచ్చిండ్రు నీకు ట్యూబు?" అంది.

"ఎవరూ లేరమ్మా, నేనే అడిగి తెచ్చుకున్న."

ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉందని, అది దురదను పండబెట్టి తామరను పెంచుతుందని చెప్పింది. పాపకు వేరే మందు రాసి, నాకు మాత్రలతో పాటు ఒక జెల్ ఇచ్చింది.

"మామూలు పూత మందు చానా మటుకు పైపైనే ఉండిపోతది. గిందుల మందును కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగలల్ల నింపిండ్రు, నానో అంటరు. గవి చర్మంల దిగి మందును మెల్లమెల్లగ వదుల్తయ్. గని తగ్గిందని సంబరపడి ఆపొద్దు. కనపడకుంట పోయినంక కూడ రెండు వారాలు పుయ్యాలె. తువ్వాల ఎవరిది వాళ్లదే, బట్టలు వేడినీళ్లల్ల ఉతికి ఎండకెయ్యి."

పాపకు మూడు వారాల్లో తగ్గింది, దేవునికే మహిమ! నాకు నెలలు పట్టింది. మచ్చ పోయిన రోజే మీ ముందు నిలబడాలని నాలుక తొందరపడింది, అయినా నోరు మూసుకుని ఇంకో రెండు వారాలు, ఏమీ కనపడని చర్మం మీద పూశాను. కనపడనిదాన్ని నమ్మడమే విశ్వాసమని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో, ఆ రెండు వారాల్లో అర్థమైంది. బైబిల్లో జబ్బుపడ్డ రాజు కన్నీటి ప్రార్థన ఆలకించిన దేవుడే అతని పుండు మీద మందుగా అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు గదా, ఆ ముద్ద సంగతి లేఖనం దాచలేదు, నేను ట్యూబు దాచాను. నన్ను క్షమించండి.

ఈ వరుసల్లో కొంగు కింద గోక్కుంటున్న సహోదరి ఎవరైనా ఉంటే, ప్రభువు దగ్గర దాపరికం అక్కర లేదమ్మా, కూడిక అయ్యాక నన్ను పక్కకు పిలవండి. సోమవారం ఖమ్మం బస్సుకు నేను తోడొస్తాను, దారి పొడుగునా ప్రార్థన చేసుకుందాం. సాక్ష్యం మాత్రం ఆ రెండు వారాలు దాటాకే చెబుదురుగాని.