గోదారిలో ఇంటికి కుళాయి పన్ను

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషినని మా ఊళ్లో నాకు పేరు. అది నింద కాదు, నిజమే. తోలితే మెతుకులు పోవూ? చింతపండు రెండుసార్లు పిసికి, మూడోసారి ఆ పిప్పితో ఇత్తడి చెంబు తోముతాను. పక్క పొయ్యి వెలుగుతోందేమో చూడనిదే అగ్గిపుల్ల గియ్యను. మూడో తరగతితో బడి మానేశాను గనుక నా చదువు కూడా మా నాన్నకి చవకగానే పడింది. అలాంటి నేను గోదారి అడుగున ఉన్న ఇంటికి ఏటేటా ఇంటి పన్ను కట్టాను. గడువు దాటకుండా, ఊరందరికంటే ముందు వెళ్లి మరీ కట్టాను.

మాది లంక ఊరు, గోదారి నడుమ నేల. వరదకి ఎర్రనీరు వచ్చిన ప్రతి ఏడూ గట్టు కొంచెం కొంచెంగా కోసుకుపోయేది. ముందు అరటితోట పోయింది, తర్వాత పశువుల పాక. ఆ తర్వాత ఇంటి వంతని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. వంతు వచ్చేలోగా నేను పెంకులు దింపించి అమ్మేశాను. తలుపులు, కిటికీలు, వాసాలు, చివరికి దండెం కట్టిన మేకులు కూడా పీకించాను. వంటింట్లో భూమిలోకి పాతిన రుబ్బురోలు ఒక్కటే మిగిలింది. దాన్ని పెకలించడానికి కూలి ఎక్కువ అడిగారని వదిలేశాను. అంత పెద్ద నది కూడా అత్తయ్య దగ్గర మొండిగోడలు, ఒక రోలు తప్ప ఏమీ రాబట్టుకోలేకపోయిందని మా కోడలు చుట్టాలకి చెబుతూ ఉంటుంది.

తర్వాత రావులపాలెం వచ్చి రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మా అబ్బాయి అక్కడి అరటి మార్కెట్లో గుమాస్తా. ఇల్లు మునిగిన మరుసటి ఏడు కూడా లంక నుంచి పన్ను కాగితం వచ్చింది. పాత పేరు ఎవరూ తీసెయ్యలేదు. అక్షరాలు కూడబలుక్కునేసరికి నాకు పొద్దు గూకుతుంది కాబట్టి కోడలే చదివింది.

"ఇంటి పన్ను సరే అత్తయ్యా, కుళాయి పన్ను కూడా వేశారండి."

"వెయ్యనీ."

"గోదారిలో ఉన్న ఇంటికి కుళాయి ఏంటండీ?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"వీధి దీపాల పన్ను కూడా ఉంది. గ్రంథాలయం పన్ను కూడా ఉంది. చేపలు లైటేసుకుని చదువుకుంటాయి కాబోలు."

మా అబ్బాయికి నవ్వొచ్చి పొలమారింది. "కట్టేది నా పింఛనుతో. మీ సొమ్మేం పోలేదు" అని కాగితం లాక్కున్నాను.

నా లెక్క నాకుంది. మా మావగారు అనేవారు, లంకలో నేల పోయిందనకూడదు, వెళ్లిందనాలి అని. గోదారి ఒకచోట తింటుంది, ఇంకోచోట మేట వేస్తుంది. ఏనాటికైనా ఆ ఒండ్రు మన చోటే తెచ్చి పోస్తే, చేతిలో కాగితం ఉన్నవాడిదే నేల. అంటే నేను చేస్తున్నది దుబారా కాదు, పొదుపు. కాకపోతే నీళ్ల కింద దాచుకున్న పొదుపు. నన్ను నేను నమ్మించుకోవడంలో నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో ఉండరు.

ఇంకో సంగతి కూడా ఉంది. అద్దె ఇంట్లో వడియాలు పెట్టుకోవాలంటే డాబా మీదకి వెళ్లాలి. డాబా ఓనరు గారిది. మినప్పిండి రుబ్బుకుని గిన్నె చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఓనరు గారి భార్య అడ్డంగా నించుని, "పైన మరకలు పడతాయేమోనండి" అనేది. చాలా మర్యాదగా అనేది. నేను అంతే మర్యాదగా దిగొచ్చి, పెట్టె తెరిచి పన్ను రసీదు చూసుకునేదాన్ని. నాకూ ఉంది ఇల్లు. పన్ను కట్టే ఇల్లు. కాకపోతే అక్కడ వడియాలు ఎండవు.

ఇలా సాగుతుండగా, ఇళ్లు గోదారిలో కలిసిపోయినవాళ్లకి గట్టుకి ఇవతల స్థలాలు ఇస్తున్నారని తెలిసింది. మా తోడికోడలికి వచ్చింది. నాకు రాలేదు.

ఆవిడ మా బావగారి భార్య. ఒకే ఇంటిని రెండు చేసి మధ్య గోడ పెట్టుకున్నవాళ్లం. రెండిళ్లూ ఒకే వారంలో నీళ్లలోకి వెళ్లాయి. ఆవిడ ఆ రోజు నుంచీ పైసా కట్టలేదు. పన్ను అడగడానికి వెళ్లిన మనిషితో, "ఇల్లెక్కడుందో చూపించు నాయనా, అప్పుడు కడతాను" అందట.

నేను మా లంక గ్రామ సచివాలయానికి వెళ్లాను. కంప్యూటరు ముందు మా మనవరాలి ఈడు అమ్మాయి కూర్చుని ఉంది.

"మామ్మగారూ, మీకు సొంతిల్లు ఉందండి" అంది.

"ఎక్కడుందమ్మా?"

"లంకలోనండి. పెంకుటిల్లు. పన్ను బకాయి కూడా ఏమీ లేదండి. చాలా కరెక్టుగా కడుతున్నారు." నన్ను మెచ్చుకుంటూ అంది ఆ పిల్ల. "సొంతిల్లు ఉన్నవాళ్లకి స్థలం రాదండి."

"మరి మా తోడికోడలికి ఎలా వచ్చింది?"

"ఆవిడ కట్టడం మానేశారు కదండి. ఎందుకు కట్టడం లేదని వెళ్లి చూస్తే ఇల్లు లేదని తేలింది. పేరు తీసేశారు."

"అంటే ఎగ్గొడితే వచ్చేదా?"

"అలా అనకూడదండి" అని ఆ పిల్ల కంప్యూటరు వైపు తిరిగిపోయింది.

బేరమాడి వంకాయ దగ్గర పుచ్చు ఏరే నేను, డబ్బిచ్చి నష్టం కొనుక్కున్నాను. అది కూడా గడువుకి ముందే.

దారి ఒకటుందని ఆ పిల్లే చెప్పింది. ఇల్లున్న చోటికి వెళ్లి ఫోటో తియ్యాలి. యజమాని ఇంటి ముందు ఉండాలి. పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పాలి. ఆ మీదట ఇల్లు లేదని యజమాని తన నోటితో చెప్పి సంతకం పెడితే పాత పేరు కొట్టేసి స్థలానికి రాస్తారు.

"పక్కిల్లు కూడా గోదారిలోనే ఉందమ్మా."

"పక్కింటివాళ్లు ఉన్నారు కదండి."

ఉన్నారు. ఆవిడే. నాకూ ఆవిడకీ మాటల్లేవని ఊళ్లో అంటారుగానీ అది తప్పు. మాటలున్నాయి, అన్నీ తిట్లే. నా వంటింటి గోడ జానెడు తన స్థలంలోకి వచ్చిందని ఆవిడ, రాలేదని నేను. జాన వేసి కొలుచుకునేవాళ్లం. ఆవిడ చెయ్యి పెద్దది, నాది చిన్నది. ఆ లెక్క ఏ పెద్దమనిషి తీర్చగలడు? గోడలు కూలే రోజుల్లో కూడా అది ఎవరి వైపు పడుతుందా అని ఇద్దరం చెరో పక్కన కూర్చుని కాపలా కాశాం. అటు పడితే ఆ ఇటుకలు వాళ్లవని నా భయం. అది నీళ్ల వైపు కూలి ఇద్దరి ఆశా తీర్చింది.

వెళ్లక తప్పలేదు. ఆవిడ అద్దింటి అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది.

"ఏంటే, దారి తప్పావా?"

"సాక్ష్యం కావాలక్కా."

"దేనికి?"

"నాకు ఇల్లు లేదని."

ఆవిడ చేట కింద పెట్టింది. "ఇన్నేళ్లూ ఉందని కట్టావు కదే?"

"కట్టాను."

"కుళాయి పన్ను కూడానా?"

"అదీ కట్టాను."

నవ్వితే నవ్వుతుంది, పడదామని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ నవ్వలేదు. బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసి, "పడవ కిరాయి నీదే" అంది.

ఎండాకాలం, నీళ్లు తగ్గి ఉన్నాయి. పడవలో నేను, ఆవిడ, ఫోను గుండెలకి హత్తుకుని బిక్కుబిక్కుమంటూ సచివాలయం పిల్ల, గడ వేస్తూ పడవతను. ఇల్లెక్కడో చూపించమంది పిల్ల. నీళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. నా గుర్తు నాకుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే అవతలి గట్టున చర్చి గోపురం సరిగ్గా పంపు షెడ్డు మీద కూర్చున్నట్టుండేది. ఒక కన్ను మూసుకుని ఆ గోపురాన్ని ఆ షెడ్డు మీదకి తెచ్చుకునేదాకా పడవ నడిపించాను.

"ఇక్కడ ఆపు."

"ఇది నీదెక్కడిదే, నా దొడ్డి" అంది మా తోడికోడలు.

"నీ దొడ్డి అదిగో, ఆ నురగ దగ్గర."

"నురగ కదులుతోందే."

"నీ దొడ్డి ఎప్పుడు కుదురుగా ఉంది గనక."

పడవతను మా ఇద్దరి మొహాలూ చూసి, "గడ ఎవరింట్లో గుచ్చమంటారండీ?" అన్నాడు.

"నా ఇంట్లో" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని గడ దింపాడు. ఠక్కుమంది. అతను పైకెత్తి మళ్లీ దింపాడు. మళ్లీ ఠక్కుమంది. అడుగంతా మెత్తని ఒండ్రే కదా, ఇక్కడ రాయెక్కడిదండీ అన్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసి మొహం తిప్పుకుంది.

"దాని రుబ్బురోలు" అంది. "కూలి దండగని వదిలేసింది."

పిల్ల ఫోను పట్టుకుని, ఇంటి ముందు నిలబడండి మామ్మగారూ అంది. నిలబడితే ఇంట్లోనే పడతాను. కూర్చునే కొంగు సర్దుకున్నాను. ఇంటి ఫోటో కదా అని పొద్దున్నే మంచి చీర కట్టుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ ఫోటోలో నేను, నా వెనక గోదారి, అంచున మా తోడికోడలి మోచెయ్యి. అక్కడ కూడా ఆవిడ జానెడు నా వైపు వచ్చింది.

"సాక్షి గారూ, ఇక్కడ ఇల్లుండేదాండీ?"

"ఉండేదమ్మా. మంచిల్లు. వంటింటి గోడ జానెడు నా స్థలంలోకి వచ్చింది. అదీ రాసుకో."

"అది రాయడానికి ఇందులో చోటు లేదండి." పిల్ల నా వైపు తిరిగింది. "మామ్మగారూ, ఇప్పుడు ఇల్లుందా?"

"ఉండేది."

"ఉండేది అని లేదండి ఇందులో. ఉంది, లేదు. రెండే."

గడ ఇంకా నా రోలు మీదే నిలబడి ఉంది. లేదంటే స్థలం వస్తుంది, మా వాళ్లకి అద్దె తప్పుతుంది, నా వడియాలకి ఒక డాబా దొరుకుతుంది. లేదంటే రేపు మేట వేసినా ఇక్కడ నాదంటూ ఏమీ ఉండదు. ఇన్నాళ్లూ దీపానికీ, కుళాయికీ, పుస్తకాలకీ కట్టుకుంటూ వచ్చింది ఈ ఒక్క మాట అనకుండా ఉండటానికే. అది నాకు అప్పుడు తెలిసింది. కుళాయి పన్ను ఎందుకు కట్టానో తెలుసుకోవడానికి పడవ కిరాయి కూడా ఇచ్చుకున్నాను.

పిల్ల వేలు ఫోను మీద పెట్టుకుని కాచుకుని ఉంది. పడవ ఊగుతోంది.

"లేదని చెప్పవే" అంది మా తోడికోడలు మెల్లిగా. "నేను చెప్పలేదూ? చెబితే ఏమవుతుంది. మునిగిన ఇల్లు మళ్లీ మునుగుతుందా ఏంటి."

"లేదు" అన్నాను.

ఫోను మీద వేలితో సంతకం పెట్టమంది పిల్ల. నా పేరులో వత్తు గీసేసరికి పడవ ఊగి, అది తోకలా సాగింది. ఒడ్డున దిగేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "గోడ మాత్రం నా స్థలంలోనే" అంది.

నాకు వచ్చిన స్థలం ఆవిడ స్థలం పక్కనే. ఆవిడ పక్కన స్థలం తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదని తర్వాత తెలిసింది. నా పక్కన ఉండటానికి ఆవిడ ఒప్పుకుందని కూడా తెలిసింది. ముగ్గు పోసే రోజున మేస్త్రి తాడు కట్టాడు. ఆవిడ చేతులు కట్టుకుని హద్దు మీద నించుంది.

"తాడు జానెడు లోపలికి జరుపు" అన్నాను మేస్త్రితో.

"మామ్మగారూ, మీ స్థలమే తగ్గిపోతుందండి."

"తగ్గితే పన్ను కూడా తగ్గుతుంది. జరుపు."

"ఎవరి జానెడు?" అంది ఆవిడ.

"నీదే. పెద్దది."

మేస్త్రి ఆవిడ చెయ్యి పెట్టించి కొలిచి తాడు జరిపాడు. దీనికి పెద్దతనంలో మతి పోయిందని ఆవిడ వీధంతా చెప్పింది. చెబుతూనే ఆ జానెడులో కరివేపాకు మొక్క నాటింది. మా ఇల్లు లేచింది, డాబా మీద వడియాలు ఎండుతున్నాయి. మొక్క కూడా ఏపుగా పెరిగి నా వైపే వంగింది. ఆకు నేను కోసుకుంటాను. ఆ జానెడు నేలకి పన్ను ఏమన్నా పడితే ఆవిడే కట్టుకుంటుంది.