రెండో చెయ్యి

చనిపోయే ముందురోజు సాయంత్రం కూడా బాబాయి టీ ఫ్లాస్కు ఎత్తడానికి మనిషిని పిలిచాడు.

"ఓ చెయ్యి వెయ్యరా," అన్నాడు కాగితాలు కోసే కటింగు మేస్త్రీతో. "ఎదురుగా నిలబడు. మోకాళ్ళు వంచు, నడుం వంచకు. ఒకటీ, రెండూ..." మూడు అనేసరికి నాలుగు కప్పుల టీ నాలుగు చేతుల మీద బల్లెక్కింది.

ఆ పుస్తకాల బైండింగు షాపులో అందరూ బాబాయి అనే ఆ పెద్దాయన ఏడాదిన్నరగా ఒంటరిగా ఏదైనా ఎత్తగా చూసినవాళ్ళు లేరు. కాగితాల కట్టకి తోడు అడిగాడంటే అర్థముంది. జిగురు డబ్బాకి, చీపురుకి, ఒకసారి తన గొడుక్కి కూడా అడిగాడు. మనిషి చూస్తే తలుపంత. ఆ తలుపుకి గొళ్ళెం పెట్టాలన్నా ఇంకొకడు కావాలి.

"ఇంట్లో ముద్ద నోటిదాకా ఎత్తడానికి ఎవరు సాయం, బాబాయ్?" అనేది పుస్తకాలు కుట్టే అక్క.

"మీ పిన్ని ఉందిగా. మరీ బరువైతే పక్కింటివాళ్ళని పిలుస్తాం."

కటింగు మేస్త్రీకి మాత్రం ఒళ్ళు మండేది. ఎక్కువ పిలుపులు అతనికే. పైగా బాబాయి అతని కట్టలకి అడక్కుండానే అవతలి కొస పట్టేవాడు. "నీది నేను పట్టకపోతే నాది నువ్వు పడతావా? చెల్లుకి చెల్లు."

వద్దనే ధైర్యం మేస్త్రీకి లేదు. రెండేళ్ళుగా అతని నడుంలో మేకు దిగినట్టుంది. ఇంట్లో కూడా చెప్పలేదు. కట్ట ఎత్తలేనివాడు ఇంటికెళ్ళొచ్చన్నది ఓనరు మాట. అందుకని కిందపడ్డ పెన్సిల్ని కాలివేళ్ళతో ఎత్తి జేబులో వేసుకోవడం నేర్చాడు. అదో విద్య అనుకుని షాపంతా చప్పట్లు కొట్టేది, బాబాయి తప్ప.

ఓసారి ఓనరు బాబాయిని నిలదీశాడు. "ఇంత ఒళ్ళుంది, సిగ్గు లేదా?"

"ఉండేదండీ. అదీ బరువేనని దించేశాను."

ముప్ఫై ఏళ్ళ పనివాణ్ణి తీసెయ్యలేక ఓనరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఏడాది తిరిగేసరికి ఆ షాపులో ఒంటరిగా ఎత్తేవాడే పిచ్చివాడిలా కనిపించసాగాడు.

బాబాయి నిద్రలోనే పోయాడు. పదిహేను రోజులాగి మేస్త్రీ బాబాయి ఇంటికి వెళ్ళాడు. పిన్ని ఇనుప బీరువా చూపించింది.

"దాని వెనక దుమ్ము పేరుకుపోతోంది నాయనా. ప్రతి ఆదివారం ఆయనే జరిపేవారు."

"ఎవర్ని పిలిచేవాడు?"

"పిలవడమేమిటి? వీపు ఆనించి, కాళ్ళతో తన్నిపట్టి, ఒక్కరే తోసేవారు."

మేస్త్రీ బీరువాని తట్టి చూశాడు.

"మీ షాపులో ఎవరికో నడుం పాడైందటగా," అంది పిన్ని. "పెన్సిలు కాలివేళ్ళతో తీస్తాడట. సాయం అడిగితే పని పోతుందని భయం. 'వాడి వంతు కూడా నేనే అడిగేస్తున్నానే' అనేవారు. ఎవరతను?"

మేస్త్రీ కాలివేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఉన్నాడు పిన్నీ, ఒకడు."

వెళ్ళబోతుంటే ఆవిడ వంటింటి గట్టు చూపించింది. కడగడానికని బాబాయి ఇంటికి తెచ్చిన ఫ్లాస్కు అక్కడే ఉంది, ఖాళీగా. "షాపుది, పట్టుకెళ్ళు."

మేస్త్రీ దానికి ఇవతలి పక్క నిలబడ్డాడు. "పిన్నీ, ఓ చెయ్యి వేస్తారా?"

ఎందుకని అడక్కుండా పిన్ని ఎదురుగా వచ్చి మోకాళ్ళు వంచింది.