నర్సప్ప చూడని సినిమా

జహీరాబాద్‌లో నర్సప్ప నోటి సంగతి తెలియని మనిషి లేడు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో రేవణసిద్ధప్ప సావుకారు సంత మైదానం పక్కన సినిమా డేరా వేశాడు. అప్పటి నుంచి తెర పక్కన బల్ల మీద నిలబడి, రేకు గొట్టంలో కథ చెప్పడమే నర్సప్ప పని. బొమ్మలేమో హిందీవి. జనమేమో న్యాల్‌కల్ నుంచి, రాయికోడ్ నుంచి బండ్లు కట్టుకొని వచ్చే రైతులు, కొందరిది తెలుగు, కొందరిది కన్నడం. తెర మీద నాయిక కంటతడి పెట్టకముందే నర్సప్ప గొంతు బొంగురుపోయేది, ఆడవాళ్ల వైపు ముక్కులు చీదడం మొదలయ్యేది. బొమ్మ కొత్తగా వచ్చిన రోజు ఒక్కసారి చూసి కథ పట్టేసేవాడు. ఇక ఆ తర్వాత తెరకు వీపు, జనానికి ముఖం, అదీ ఆయన పద్ధతి. వెనక్కి తిరిగితే జనం చేజారిపోతారని భయం. గర్వం కూడా ఉందిలెండి, ఎందుకు దాచాలి? జనాన్ని కూర్చోబెట్టేది బొమ్మ కాదు, తన మాటేనని గట్టిగా నమ్మేవాడు.

అంత మాటకారి ఇంట్లో మాత్రం మాట లేదు. భార్య నారమ్మకు పెళ్లయిన కొత్తలో విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. వినబడని మనిషికి మెల్లమెల్లగా మాట కూడా తగ్గిపోయింది. జొన్నలు అయిపోయాయంటే ఒక సైగ, నీళ్లు తోడమంటే ఒక సైగ, ఒంట్లో బాగాలేదంటే ఇంకొకటి. సంసారం నడవడానికి అవి సరిపోయాయి. కలిసి నవ్వుకోవడానికి మాత్రం ఏ సైగా లేదు. ఊరందరినీ నవ్వించి వచ్చిన మనిషి ఇంట్లో గోడ వైపు చూస్తూ రొట్టె తినేవాడు. పాపం, ఆమె నవ్వు ఎలా ఉండేదో కూడా ఆయన మరిచిపోయాడు.

ఒకనాడు సాయంత్రం హైదరాబాద్ నుంచి రావలసిన సినిమా పెట్టె రైల్లో రాలేదు. డేరా నిండా జనం. సావుకారు గాభరాపడి, పాత మిషన్ కొన్నప్పుడు దానితో పాటు వచ్చిన రీలు ఒకటి వెతికి తీశాడు. సినిమాకు ఇంకా మాటలు రాని కాలంలో తెల్లదొరలు తీసిన తమాషా బొమ్మ అది. టోపీ పెట్టుకున్న బక్క మనిషి పళ్లేల దొంతర ఎత్తుకొని నడుస్తాడు, పడతాడు, లేస్తాడు, మళ్లీ పడతాడు. కథ అంతే.

"నర్సప్పా, దీనికి మాట లేదు. జనం లేవకుంట నువ్వే ఏదన్న చెప్పాలె," అన్నాడు సావుకారు.

ముందుగా చూసుకునే తీరిక ఏదీ? మిషన్ తిరగనే తిరిగింది. నర్సప్ప భుజం మీదుగా ఒక చూపు విసిరేసరికి మనిషి పడుతూ కనిపించాడు. చాలు అనుకున్నాడు. వీడు తాగుబోతు, కల్లు దుకాణం నుంచి ఊగుతూ వస్తున్నాడు అని కథ అందుకున్నాడు. డేరా అంతా ఒకటే నవ్వు. ముసలివాళ్లు కూడా కడుపు పట్టుకుంటుంటే ఆయన గొంతు ఇంకా పైకి లేచింది.

అప్పుడు కనబడింది నారమ్మ. ఆయనకు రొట్టె తెచ్చి, ఆడవాళ్ల వెనక గుంజకు ఆనుకొని నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది. చెవులు లేని మనిషి నవ్వుతోందంటే అది తన మాటకు కాదు కదా. నర్సప్ప నోరు ఆగిపోయింది. ఆయన నోరు ఆగినా డేరాలో నవ్వు ఆగలేదు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా ఎంతోసేపు లేదు, ఆమె ముఖం చూస్తుంటే గుండె నిండిపోయింది.

సావుకారును బతిమాలి ఆ రీలును రోజూ అసలు సినిమాకు ముందు వేయించాడు. రోజూ నారమ్మ వచ్చేది, అదే గుంజ దగ్గర కూర్చునేది, అంతే నవ్వేది. నర్సప్ప తాగుబోతు కథ చెబుతూనే ఉండేవాడు గానీ కళ్లు మాత్రం ఆ గుంజ మీదే. తెర వైపు తిరగాలంటే ఆమె ముఖం నుంచి చూపు తిప్పాలి, ఆ పని ఆయన వల్ల కాలేదు. ఆట అయ్యాక ఇద్దరూ ఇంటికి నడిచేవాళ్లు. దారిలో ఆమెకు ఏదో గుర్తొచ్చి నవ్వేది, ఆమెను చూసి ఆయన నవ్వేవాడు. ఏళ్లు అలా గడిచిపోయాయి.

పాతబడిన ఫిల్ముకు ఆ రోజుల్లో ఒకటే గతి. దాన్ని కరిగించి గాజులు చేసేవాళ్లు వచ్చి తూకానికి పట్టుకుపోయేవాళ్లు. అరవై నాలుగు ఎండాకాలంలో ఆ రీలు కూడా అలాగే పోయింది. నర్సప్ప పరుగెత్తుకుంటూ వెళ్లాడు.

"సావుకారు, మా ఇంటిది సూసేది గదొక్కటే. నీకెర్కలేదా?"

"ఎర్కనే నర్సప్పా. కానీ మిషన్ల ఎక్కిస్తే సాలు, తెగుతుంది. జనం ఈలలేస్తున్రు. నేనేం జేద్దు?" అన్నాడు సావుకారు. ఆయన గొంతులోనూ బాధ ఉంది. గాజులవాడు పొద్దున బస్సుకే వెళ్లిపోయాడట.

ఆ సాయంత్రం నారమ్మ వచ్చి గుంజ దగ్గర కూర్చుంది. బక్క మనిషి రాలేదు. పాటల సినిమా అయిపోయేదాకా చూసింది. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత రావడం మానేసింది. రీలు పోయిందని చెప్పడానికి నర్సప్పకు సైగ దొరకలేదు. ఇంట్లో మళ్లీ గోడ, రొట్టె. ఇంతకుముందు ఇలాగే బతికాడు కదా అంటారేమో. అప్పుడు ఆమె నవ్వు గుర్తులేదు, ఇప్పుడు ఉంది. అది మళ్లీ పోతుందన్న దిగులుతో ఆయనకు అన్నం సయించలేదు.

ఒక పొద్దున ఆమె చాట పట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి నర్సప్ప సత్తు గిన్నె నెత్తిన బోర్లించుకొని, చేతుల్లో పళ్లేలు ఎత్తుకొని నిలబడ్డాడు. ఊళ్లో మర్యాదగల మనిషి, నలభై దాటినవాడు! తాను ఇన్నేళ్లు చెప్పిన తాగుబోతులా ఊగాడు, తూలాడు, దబ్బున పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. నారమ్మ నవ్వలేదు. చాట పారేసి పరుగెత్తుకొచ్చి ఆయన నోరు వాసన చూసింది. పొద్దున్నే తాగాడనుకుంది పిచ్చి తల్లి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సప్పకు చచ్చిపోవాలనిపించింది. గిన్నె చూపించాడు, పళ్లేలు చూపించాడు, డేరా వైపు చెయ్యి చూపించాడు. లేచి, కుంటుతూ మళ్లీ ఊగబోయాడు.

అప్పుడు అర్థమయింది ఆమెకు. కాదు కాదని తల అడ్డంగా ఊపింది. ఆయన నెత్తి మీది గిన్నె తీసి తాను పెట్టుకుంది. పళ్లేలు ఎత్తుకొని, వెన్ను నిటారుగా పెట్టి, పెద్ద ఆఫీసరులా నడిచింది. ఊగలేదు, తూలలేదు. నడిచి నడిచి ఠక్కున ఆగి కిందికి చూసింది. అక్కడేముందో ఆయనకు తెలియాలని, పళ్లేలు ఒక చేతిలోకి మార్చుకొని, రెండో చేతి వేళ్లు ముక్కులా చేసి నేల మీద పొడిచి చూపించింది. కోడిపిల్ల. దాన్ని తొక్కకూడదని ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, పక్కకు జరగబోయి, పళ్లేలతో సహా దుమ్ములో కూలబడింది.

నర్సప్ప కొయ్యబారిపోయాడు. ఇన్నేళ్లూ తాను ఊరందరికీ తాగుబోతని చెప్పిన ఆ బక్క మనిషి ఒక కోడిపిల్లను కాపాడబోయి పడ్డాడన్నమాట. జనం ఆ కోడిపిల్లను చూసే ఉంటారు, గొంతు చించుకుంటున్న మనిషిని కాదనడం ఎందుకని ఊరుకొని ఉంటారు. తెర ముందు అంతకాలం నిలబడి, తాను ఒక్కడే ఆ సినిమా చూడలేదు.

పక్కింటి ఎల్లమ్మ గోడ మీదుగా తొంగిచూసి బుగ్గ నొక్కుకుంది. నారమ్మ పట్టించుకోలేదు. దుమ్ములో కూర్చునే, గిన్నె ఒక పక్కకు ఒరిగిపోయి ఉండగా, మొగుడి ముఖం వైపే చూస్తోంది. బల్ల మీద నిలబడి తాను రోజూ ఆమె ముఖంలో దేనికోసం చూసేవాడో, ఆమె ఇప్పుడు తన ముఖంలో దానికోసమే చూస్తోందని నర్సప్పకు తెలిసింది. ఏడుపు దిగమింగి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు వినబడదు గానీ కనబడింది. సరేనన్నట్టు తల ఊపి, గిన్నె సర్దుకుంటూ లేచి, ఆ తర్వాత ఏం జరిగిందో చూపించడానికి పళ్లేలు ఏరసాగింది.