ఆఖరి పంక్తిలో అధ్యక్షుడు

పులిహోర కలిపే గరిటె గుండిగ అంచుకు తగిలే చప్పుడు ఎక్కడ విన్నా నాకు సింహాద్రి అంకుల్ గుర్తుకొస్తారు. పోయిన ఆదివారం సింగపూర్ బెడోక్‌లో మా తెలుగు సంఘం ఉగాది భోజనాల దగ్గర అదే చప్పుడు విన్నాను. చింతపండు పులుసూ ఇంగువా కలిసిన ఆ వాసనే హాలంతా నిండింది. నా చేతిలో నామినేషన్ కాగితం ఉంది. ఈసారి అధ్యక్ష పదవికి నిలబడుతున్న అమ్మాయిని ప్రతిపాదిస్తూ నేను సంతకం చెయ్యాలి. మొదటి పంక్తి కోసం నా పక్కన కూర్చున్న కొత్తాయన ఒకరు గొంతు తగ్గించి, "మేడమ్, ఆ అమ్మాయికి తెలుగు చదవడమే రాదట. ఇక సంప్రదాయం ఏం తెలుస్తుంది?" అన్నారు. చాలా ఏళ్ల కిందట ఇంకొక అభ్యర్థి గురించి ఇలాగే అనుమానపడ్డాను. ఆ అనుమానాన్ని ఎలా తీర్చుకోవాలో నేర్పిన మనిషి గురించి ముందు చెప్పాలి.

నేను సింగపూర్ వచ్చేనాటికి ప్రపంచమంతా కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దే పనిలో పడి ఉంది. నాలుగు లైన్ల కోడ్ రాయగలిగినవాళ్లందరికీ విమానం టికెట్లు దొరికిన రోజులవి. బాపట్ల నుంచి వచ్చిన నాకు సింహాద్రి అంకుల్ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు దొరికింది. ఆయన తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి మలేషియా రబ్బరు తోటలకు కూలికి వెళ్లారు. ఆయన ఆ తోటల్లోనే పుట్టి, పని కోసం ఇటు దిగి, లిఫ్టుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆంధ్రదేశాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన తెలుగులో తమిళం, మలయ్ ధారాళంగా కలిసిపోయేవి. "మకాన్ అయినాదా అమ్మా?" అని రోజూ పలకరించేవారు, అన్నం తిన్నావా అని. ఆ భాష విని నేను లోలోపల నవ్వుకునేదాన్ని. తెలుగంటే మా కృష్ణా డెల్టా దాటి బయటికి పోలేదని గట్టిగా నమ్మిన వయసు అది.

పాయా లేబర్ అనే పేటలో ఉన్న మా ఆఫీసులో మేనేజరు రాజశేఖర్ గారు. ఆ ఏడాది ఆయన మా సంఘం అధ్యక్ష పదవికి పోటీకి దిగారు. అప్పటివరకు సంఘమంటే తోటల నుంచి వచ్చిన పాత కుటుంబాలే. మేమంతా వచ్చిపడ్డాక కొత్త తలకాయలే ఎక్కువయ్యాయి. ఆయన వారమంతా టై కట్టి, ఆదివారం పట్టుపంచె కట్టి, "మన ఆచారం, మన భాష, మన కట్టుబాటు" అని మాట్లాడేవారు. వింటే ఒళ్లు పులకరించేది. నాకు తెలుగు బాగా వచ్చని ప్రసంగం నన్నే రాయమన్నారు, నామినేషన్ మీద సంతకమూ నన్నే చెయ్యమన్నారు. నా ఉద్యోగ అనుమతి గడువు దగ్గరపడింది. దాన్ని పొడిగించే ఫారం ఆయన చేతి మీదుగానే వెళ్లాలి. కాదనడానికి నాకు నోరు రాలేదు.

అయినా మనసులో ముల్లు ఉండిపోయింది. ఒక సాయంత్రం అంకుల్ చిన్నుల్లిపాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను. "అంకుల్, ఈయన సంప్రదాయాన్ని నిజంగా నమ్మినవాడేనా, లేక ఓట్ల కోసం వేసిన వేషమా?"

"లిఫ్టు మంచిదో కాదో అద్దం సూసి సెప్తావా, బ్రేకు సూసి సెప్తావా?" అన్నారు.

"బ్రేకు చూసే."

"ఇదీ అంతేనమ్మా. ఆచారం, ఆచారం అంటాడు కదా. ఆ ఆచారం ఎవుల నడుముకి నొప్పి తెస్తాదో సూడు. పక్కోడి నడుముకైతే అది పెత్తనం. తన నడుము వంగినప్పుడు నమ్ము."

తర్వాత సంఘం పాత కట్టుబాటు ఒకటి చెప్పారు. రబ్బరు తోటల్లో కూలీల మీద కంగాణి అనే మేస్త్రీ ఉండేవాడు. పండగైనా పబ్బమైనా ముందు వాడు తినాలి, తర్వాతే మిగతావాళ్లు. అందుకని మనవాళ్లు తమలో తాము పెద్దను ఎన్నుకున్నప్పుడు పంతానికి తిరగేసి పెట్టుకున్నారట. "మన పెసిడెంటు గరిటె పట్టి వడ్డిస్తాడు. ఆకరి బంతిలో కూకుంటాడు. ఏటి మిగిలితే అదే తింటాడు. రెండేళ్లయినాక గరిటె ఇంకోడికి ఇచ్చీడమే." ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

ఆ ఆదివారమే సంఘం భోజనాలు ఉన్నాయి. రాజశేఖర్ గారు ముందుగానే వచ్చి, ఇక్కడి హాకర్ సెంటర్ల తిండి కొట్లలో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్లను చోప్ చేసి తమదిగా ఆపుకున్నట్టు, ముందు వరస కుర్చీలన్నిటి మీదా టిష్యూ ప్యాకెట్లు పెట్టించి తన స్నేహితుల కోసం ఆపించారు. మొదటి పంక్తిలోనే కూర్చుని తృప్తిగా తిన్నారు. నాకు లోపల సంబరం. దొంగ దొరికాడనుకుంటూ, "చూశారా అంకుల్?" అన్నాను.

అంకుల్ సాంబారు బకెట్ దించి నడుం పట్టుకున్నారు. "ఆయనకి ఎవులైనా సెప్పినారా?"

"లేదు."

"తెలీనోడిది తప్పు కాదమ్మా. తెలిసినాక ఏటి సేస్తాడో అదీ సూడాలి. నువ్వే సెప్పు."

"నేనా? ఆయన నా మేనేజరండీ."

"సంతకం నీదే కదా."

మూడు రోజులు ఆ మాటను వాయిదా వేశాను. ఈలోగా ప్రసంగం పూర్తయింది. రాజశేఖర్ గారికి తెగ నచ్చి, అందులోని ముఖ్యమైన వాగ్దానాన్ని అప్పుడే సభ్యులందరికీ మెయిల్ చేశారు కూడా. మెచ్చుకుంటారని కాగితం తెచ్చి అంకుల్‌కి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, కాసేపు చూసి, "నువ్వే సదువమ్మా. నీ గొంతులో బాగుంటాది" అన్నారు. చదివాను. అన్నిటికంటే గొప్పగా వచ్చిందనుకున్న వాక్యం దగ్గర గొంతు పెంచాను. "ఇకపై మన సంఘంలో తెలుగు చదవడం, రాయడం వచ్చినవారికే ఓటు."

బల్ల చివర హోంవర్క్ చేసుకుంటున్న ఆయన మనవరాలు మీనా తల ఎత్తకుండానే, ఇక్కడివాళ్ల ఊతపదం 'లా' కలిపి అంది. "దెన్ తాత కెనాట్ ఓట్ లా. తాతకి తెలుగు రీడింగ్ రాదు."

చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాను. అంకుల్ మాత్రం మామూలుగానే ఉన్నారు. "మా తోటలో బడి తమిళంలో ఉండీదమ్మా. తెలుగు మా అమ్మ నోట్లోంచే వచ్చింది. పెళ్లి పాటలు, కొలుపు పాటలు, అన్నీ అలాగే."

ఆ వాక్యం రాజశేఖర్ గారు అడిగినది కాదు. పదాల ఊపులో నేనే రాశాను. వేషం ఎవరిదా అని వారం రోజులుగా ఊరంతా వెతుకుతున్నాను, పట్టుపంచె కట్టకుండానే నేనూ అదే వేషం వేశాను.

"తెలీక రాసినావు, ఒగ్గీయమ్మా. ఇప్పుడు తెలిసింది కదా" అన్నారు అంకుల్. ఆయన కొలత అందరికీ ఒకటే. ఆ పూట అది నా మీదికి తిరిగింది.

మర్నాడు ఆఫీసు కింద కాఫీ కొట్టులో రాజశేఖర్ గారికి అంతా చెప్పాను. గరిటె సంగతీ చెప్పాను, ఓటు సంగతీ చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఆ లైన్ నువ్వే కదమ్మా రాసింది?"

"అవునండి. తప్పు రాశాను."

"అందరికీ మెయిల్ వెళ్లిపోయింది. ఇప్పుడు తీసేస్తే మాట మీద నిలబడడు అంటారు."

"అది ఉంటే మాత్రం నేను సంతకం చెయ్యలేనండి."

ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచారు. "సరే, నీ ఇష్టం" అన్నారు. వేరే ఎవరో సంతకం చేశారు. నా ఫారం ఆయన బల్ల మీదే ఉంది. తిరుగు టికెట్ ఎంతవుతుందో కూడా కనుక్కున్నాను.

సభలో రాజశేఖర్ గారు నా ప్రసంగమే చదివారు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర ఆగారు. మంచినీళ్లు తాగారు. "ఇక్కడో మాట ఉంది. మెయిల్లో మీరంతా చూశారు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ భాషను ఇక్కడిదాకా మోసుకొచ్చినవాళ్లలో చాలామందికి చదవడం రాదని నాకు మొన్ననే తెలిసింది. వాళ్లను బయట నిలబెట్టి నేను లోపల ఏం కాపాడతాను?" అన్నారు. ఆయన స్నేహితులే కొందరు గొణిగారు. ఆయన వేదిక దిగి, నేరుగా అంకుల్ దగ్గరికి వెళ్లి గరిటె అడిగారు. ఎలా పట్టుకోవాలో అంకుల్ చూపించారు. సాంబారు సగం ఆకుల్లో, సగం పట్టుపంచె మీద పడింది. ఆఖరి పంక్తిలో ఆయనకు పులిహోర అందలేదు, మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. ఆయనే గెలిచారు. నా ఫారం మీద సంతకం మేము కాఫీ కొట్టులో మాట్లాడుకున్న రోజునే పెట్టారని తర్వాత తెలిసింది. చెప్పొద్దూ, ఆ తేదీ చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి వస్తూ అంకుల్‌ని అడిగాను. "మీరూ ఆయనకే వేశారు కదా?"

"నాను ఎయ్యలేదు. ఒక్క పూట ఎవుడైనా వడ్డిస్తాడమ్మా. రెండేళ్లు సూసి సెప్తాను."

మరి గరిటె ఎందుకు నేర్పారంటే, "ఓటు ఎయ్యకపోతే నేర్పకూడదేటి?" అన్నారు.

ఆ రెండేళ్లూ రాజశేఖర్ గారు ప్రతి భోజనానికీ వడ్డించారు. తర్వాత తర్వాత పంచె మానేసి పాత ప్యాంటుతో వచ్చేవారు. గడువు తీరాక, మరో రెండేళ్లు ఉండమని స్నేహితులు పట్టుబట్టినా వినకుండా గరిటె తర్వాతివారికి ఇచ్చేశారు. ఆ రోజు అంకుల్ నా వైపు తిరిగి, "ఇప్పుడైతే ఏస్తును. ఏటి సేస్తాం, ఇంక నిలబడడు కదా" అని పడీపడీ నవ్వారు.

అంకుల్ పోయి చాలా కాలమైంది. నేను చోవా చూ కాంగ్‌కి మారిపోయాను, దీవికి ఆ చివర. అయినా పెద్ద మాటలు చెప్పే ఎవరిని చూసినా ముందు వాళ్ల నడుము ఎక్కడ వంగుతుందో వెతుకుతాను. అద్దంలో నన్ను చూసుకున్నప్పుడూ అదే వెతుకుతాను. ఒక్కోసారి వెంటనే దొరకదు, వెతుకుతూనే ఉంటాను.

ఈసారి నిలబడుతున్న అమ్మాయి మీనాయే. తాత పాడిన పాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టింది. కొత్తాయన ఇంకా నా జవాబు కోసం చూస్తున్నారు. అంతలో మీనా పులిహోర బకెట్‌తో మా వరసలోకి వచ్చింది. నుదుటి మీద చెమట, చేతికి పసుపు.

"నువ్వు తిన్నావామ్మా?" అని అడిగారాయన, మర్యాదకు.

"నాట్ యెట్, అంకుల్. మీరు ఫస్ట్ తినండి లా. నాది లాస్ట్ బంతి" అని ఆయన ఆకులో గరిటెడు పులిహోర వేసి ముందుకు సాగిపోయింది.

నేను సంతకం చేసి కాగితం మడిచాను. ఇంకా ముట్టని నా విస్తరి పక్కవారి వైపు జరిపి, నేనూ వడ్డించడానికి ఇంకో గరిటె కోసం వంటగదిలోకి వెళ్లాను.